నిచ్చెనపై నమ్మకము

బీదలు పెక్కుండ్రును ధనికులు కొందఱును గల దేశమున నందఱికిని సమానమైన వోటుండినయెడల, బీదలందఱు నేకమై ధనికులపై పన్నులు హెచ్చించి, ఆ ధనముతో తమకు మేలు చేసికొందురని తలంచుట సహజము. 1981లో మెల్ట్‌జర్, రిచర్డ్ అను నిరువురు అర్థశాస్త్రజ్ఞులు ఈ యూహనే గణితరూపమున వివరించిరి. కాని లోకము ఈ లెక్క ననుసరించి నడచుట లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1980 తరువాత ధనికులకును తక్కినవారికిని నడుమ దూరము మిక్కిలి పెరిగినది. అయినను, ఆదాయపు పన్నులో నత్యున్నతమైన రేటు 1980లో నూటికి 70 ఉండగా, 1988 నాటికి 28కి దిగినది. 2018 నుండి 37గా నున్నది. దూరము పెరుగుచుండగా పన్ను తగ్గుటకు కారణమేమి?

కారణములు పెక్కు గలవు. ధనికుల మాటకు ప్రభుత్వములలో బలము హెచ్చుట యందొకటి. కాని మనుష్యుని మనస్సులో నుండు కారణ మొకటి కలదు, అది ఆశ. “నేడు నేను బీదవాడనే, రేపు నేనో నా కుమారుడో ధనవంతుల మగుదుము. నేడు ధనికునిపై వేయు పన్ను రేపు మాపైననే పడును” అని బీదవాడు తలపోయును.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అను పండితుడు 1973లో దీనికొక చక్కని యుపమానము చెప్పెను. సొరంగపు బాటలో రెండు వరుసల బండ్లు ఒకే దిక్కునకు పోవుచు నిలిచిపోయినవి. కొంతసేపటికి ప్రక్క వరుస కదలినది. నిలిచియున్నవారు తొలుత నసూయపడరు. “దారి తెఱపి యయినది, మన వంతును వచ్చును” అని సంతసింతురు. ఎంతసేపటికిని తమ వరుస కదలనియెడల ఆ సంతోషమే క్రోధముగా మాఱును. కావున అసమానత పుట్టినతోడనే ద్వేషమును పుట్టింపదు. ముందుగా నాశను పుట్టించును. ఆ యాశ నిలిచియున్నంతకాలము పన్నుల మాట బీదవానికి రుచింపదు.

ఈ యాశ యెంతవఱకు నిజము? అమెరికాలో నూఱుగురు వ్యక్తులు మిక్కిలి బీదయైన అయిదవ వంతు కుటుంబములలో జన్మించినచో, వారిలో మిక్కిలి ధనికమైన అయిదవ వంతునకు చేరువారు ఏడెనిమిదిమంది మాత్రమే యని రాజ్ చెట్టి మొదలగువారు 2014లో తేల్చిరి. పుట్టుక కేమియు ప్రభావము లేనిచో నిరువదిమంది చేరవలెను. 1940లో జన్మించిన వారిలో నూటికి 90 మంది తమ తలిదండ్రులకంటె హెచ్చుగ నార్జింపగా, 1980 ప్రాంతమున జన్మించినవారిలో నించుమించు 50 మందియే యట్లార్జించిరి. అయినను అయిదు దేశముల ప్రజల నడిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, అమెరికావారు తమ దేశపు బీదబిడ్డ పైకి వచ్చు నవకాశమును ఉన్నదానికంటె నెక్కువగ నెంచిరనియు, ఐరోపావారు తక్కువగ నెంచిరనియు తేలినది. మఱియు అసమానత హెచ్చుగనున్న దేశములలోనే బిడ్డల భవిష్యత్తు తండ్రి యాదాయమునకు గట్టిగ ముడివడియుండునని మైల్స్ కోరాక్ చూపెను. అనగా మెట్ల నడుమ దూరము పెరిగిన కొలది నిచ్చెన నెక్కుట దుర్లభమగును.

మన దేశమున మృతుల యాస్తిపై పన్ను 1953లో పుట్టి 1985లో రద్దయినది. సంపదపై పన్ను 1957లో పుట్టి 2015 నాటి బడ్జెటుతో తొలగినది. వసూలు స్వల్పము, వ్యయము హెచ్చు అని ప్రభుత్వము కారణము చెప్పెను. అది త్రోసివేయదగిన మాట కాదు. మితిమీఱిన పన్ను ధనమును దాచుటకే నేర్పును. కాని ఆ పన్ను తమ జన్మలో నెన్నడును చెల్లింపనక్కఱలేనివారు సైతము దానిని గూర్చి విచారింపకుండుట చింతింపదగినది.

చదువరులారా! పరీక్షలలో నొక కూలివాని కుమారుడు ప్రథముడై వచ్చినయెడల మనము వానిని సభలో గౌరవింతుము. అది యుచితమే. కాని “వీడు రాగలిగెను గదా, తక్కినవారు సోమరులు” అని యనుట న్యాయము కాదు. ఎక్కినవాడు కన్నుల కగపడును. మొదటి మెట్టు కడనే యాగిపోయినవారిని ఎవరును లెక్కింపరు. ఎక్కినవాడును ఒంటరిగా నెక్కలేదు. వాని పుస్తకములు, ఉపకార వేతనము, వసతిగృహమందలి యన్నము పలువురి పన్నులతో నేర్పడినవి. 2001లో సుప్రీము కోర్టు ఉత్తరువైన పిదప ప్రభుత్వపు ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము దేశమంతట వ్యాపించినది. ఆకలితో నున్న బిడ్డకు శ్రమించుమని బోధించుటకంటె ఒక పూట యన్నము పెట్టుట మేలైన ప్రోత్సాహము.

ఇట్టి సాయము మనుష్యుని పౌరుషమును చంపునని కొంద ఱందురు. డెన్మార్కు, స్వీడను దేశములలో పన్నులు హెచ్చు. అయినను అచట బీదబిడ్డ పైకి వచ్చుట అమెరికాలోకంటె సులభము. పన్ను లొక్కటియే యిందుకు కారణమనరాదు. కాని పన్నులు పౌరుషమును చంపునను మాట మాత్రము అచట నిలువదు.

ఆశను విడువుమని నేను చెప్పను. ఆశ లేని బాలుడు పుస్తకము తెఱవడు. అయితే, తాను పైకి వత్తునను నమ్మకము వెనుకనున్నవానికి మెట్టు కట్టుటకు అడ్డుగా నుండరాదు. పదునెనిమిదేండ్లు నిండిన పిదప మీకును వోటు వచ్చును. అప్పుడు “నేనెంత ధనికుడ నగుదును?” అని మాత్రమే గాక, “నా తరగతిలో చదువు మానినవాడు ఏమయ్యెను?” అనియు విచారింపుడు.