హెచ్చరిక చాలదు, బండి కావాలి

తుఫాను హెచ్చరిక అందరికీ వస్తుంది. బండి మాత్రం కొందరి గుమ్మం ముందే ఉంటుంది.

1999 పెను తుఫానులో ఒడిశాలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2019 మేలో ఫణి పూరీ దగ్గర తీరం దాటేలోగా సుమారు 12 లక్షల మందిని తరలించారు. మృతులు 64 మంది. ముందే తరలిస్తే ప్రాణాలు దక్కుతాయనడానికి ఇంకేం రుజువు కావాలి?

అదే పూరీలో మన తెలుగు జాలరుల పేట పెంటకోట ఉంది. అలాంటి పేటల్లో మైకులో "ఖాళీ చేయండి" అని చెప్పి వెళ్ళిపోతే అది తరలింపు కాదు. మంచం పట్టిన మామ్మ, నిండు గర్భిణి, నడవలేని అన్న ఏ బండిలో, ఎవరి సాయంతో కదలాలి? కదలలేనివాళ్ళను మొండివాళ్ళనడం అన్యాయం.

జిల్లాలోని వికలాంగుల వివరాలు విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలని 2016 చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. అది దయ కాదు, హక్కు.

బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ల రోగికి కరువైంది నీళ్ళు కాదు, దించే మనిషి. యువతీ యువకులారా, ఈ ఆదివారం ఆరాధన కాగానే ఇంటింటికీ వెళ్ళండి. కదలలేనివారి పేర్లు, సంఘంలో ఎవరికి ఆటో ఉందో, ఎవరికి వ్యాను ఉందో రాయండి. ఆ కాగితం కలెక్టరు కార్యాలయంలో ఇచ్చి, "మీ జాబితా ఏది?" అని అడగండి. మబ్బు పట్టాక అడిగి లాభం లేదు.