దుల్హన్‌కు సీటు లేని బండి

పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే ఒక భాయ్ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయాడు. పెయింటింగ్ పని చేస్తాడు. పెద్ద బిడ్డకి రిష్తా ఖాయమైంది. "మీరు పేపర్ల రాస్తరు కదా భాయ్, జర చెప్పుండ్రి. పిల్లగాడు డ్యూక్ లేకుంటే ఎంటీ కావాలంటున్నడు. రెండిట్ల ఏది మంచిది?" అని అడిగాడు.

గొంతులో గుస్సా లేదు. జోడే కీ రఖం వద్దన్నారట, బండి ఒక్కటే అడిగారట. దాన్నే ఆయన లడ్కేవాలా మెహర్‌బానీ అనుకుంటున్నాడు. మెహర్ సంగతి అడిగాను. ఉధార్ అన్నాడు. అంటే ఇవ్వాల్సినవాడిది ఉధార్, ఇవ్వనక్కర్లేనివాడిది నగద్. ఆ మాట నోటి దాకా వచ్చింది కానీ మసీదు మెట్ల మీద ఆయన్ని శర్మిందా చేయడం ఎందుకని మింగేశాను.

నాకు బండ్ల గురించి తెలిసింది తక్కువ. నాది పాత ప్యాషన్. అందుకే ఓ నాలుగు రోజులు ఆ బండ్లు నడిపేవాళ్లనే అడిగాను. మా ఇబ్రహీంపట్నంలో (విజయవాడ పక్కది కాదు, సాగర్ రోడ్డు మీదిది) వీటికి కొదవ లేదు. మంగల్‌పల్లి, శేరిగూడ కాలేజీల వైపు పోతే కనిపిస్తాయి, సాయంత్రం చాయ్ హోటళ్ల ముందూ కనిపిస్తాయి. వీటిని నేకెడ్ బైకులంటారు. ముందు గాలిని చీల్చే ఫెయిరింగ్ ఉండదు. ఇంజన్, రేడియేటర్, ఫ్రేమ్ అన్నీ బయటికే. మా అమ్మీకి ఆ పేరుకి అర్థం చెబితే "తౌబా, ఐసా భీ నామ్ రఖ్తే క్యా?" అంది. డ్యూక్ 200 మన దేశంలోకి 2012 జనవరిలో వచ్చింది, ఎంటీ-15 2019 మార్చిలో. మన గల్లీల్లో షౌక్ అంటే ఈ బండ్లే అన్నట్టుగా తయారైంది.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, కొన్నందుకు పశ్చాత్తాపపడుతున్నానని ఒక్క కుర్రాడు కూడా అనలేదు. పికప్ బాగుంటుంది, హ్యాండిల్ వెడల్పు, ట్రాఫిక్‌లో ఇట్టే తిరుగుతుంది. కింద పడితే విరగడానికి ఫెయిరింగ్ ప్లాస్టిక్ లేదు. ఇవన్నీ సహీ. కానీ రెండో చాయ్ తాగేసరికి అసలు మాటలు బయటికొచ్చాయి.

ఒకతను రోజూ ఎల్బీ నగర్ దాకా పోయొస్తాడు. ఓఆర్ఆర్ బొంగ్లూరు దగ్గరే ఉన్నా దాని మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి తుర్కయాంజాల్, బీఎన్ రెడ్డి మీదుగా ఆ రద్దీలోనే పోవాలి. "ఏప్రిల్, మేలో సిగ్నల్ దగ్గర ఆగితే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతది చచ్చా, వేడి గాలంతా కాళ్లకే కొడతది. పాంటు లోపల చర్మం కాలినట్టు ఉంటది" అన్నాడు. ఇంకొకతను సాగర్ దాకా పోయొచ్చిన రోజు గురించి చెప్పాడు. ఎనభై, తొంభై దాటితే గాలి మొత్తం ఛాతీకి, మెడకి తగులుతుందట. తిరిగొచ్చాక మెడ రెండు రోజులు తిరగలేదట. సీటు గట్టిదనం గురించి అందరిదీ ఒకే మాట. తోక పొట్టిగా ఉంటుంది కాబట్టి వానలో వెనక చక్రం బురదంతా వీపు మీదికే చిమ్ముతుంది. జుమ్మాకి తెల్ల కుర్తా వేసుకుని బయల్దేరిన ఒకతను మసీదు దాకా వచ్చి, మళ్లీ ఇంటికి తిరిగిపోయాడట.

ఖర్చు హిసాబ్ కూడా చూడండి. మొదట వచ్చిన డ్యూక్ 200 ట్యాంకు పది లీటర్ల పైచిలుకు. స్ప్లెండర్ ట్యాంకు కూడా దాదాపు అంతే, 9.8 లీటర్లు. కానీ నింపిన పెట్రోలుతో స్ప్లెండర్ పోయే దూరంలో ఇది సగం పోతే గొప్ప అని నడిపేవాళ్లే అంటున్నారు. వెడల్పు టైర్లు, కూలెంట్, సర్వీసు ఖర్చు వేరే.

ఇవన్నీ ముందు కూర్చునేవాడి తక్‌లీఫులు. షౌక్ వాడిది, భరించనివ్వండి. నాకు అసలు ఫిక్ర్ వెనక సీటు గురించి. "వెనక ఎవరిని ఎక్కించుకుంటావ్?" అని అడిగితే ప్రతి ఒక్కడూ నవ్వాడు. ఒకడు మాత్రం సీదాగా చెప్పాడు: "అమ్మీని ఎక్కించుకుని ఒక్కసారే దవాఖానాకి పోయిన చచ్చా. మళ్ల ఎక్కలే. ఆటోల పోతది."

ఎందుకు ఎక్కుతుంది? ఎంటీ-15లో నడిపేవాడి సీటే నేల నుంచి 810 మిల్లీమీటర్లు. వెనకది దానికంటే పైన, చిన్న పీట ముక్కంత. చీరలోనో బురఖాలోనో ఒక పక్కకి కూర్చునే మన ఆడవాళ్లకి అందులో గుంజాయిష్ లేదు. బ్రేకు వేస్తే ముందుకి జారతారు. ఒళ్లో పిల్లాడుంటే ఇక చెప్పక్కర్లేదు. కూరగాయల సంచి తగిలించడానికి కూడా చోటుండదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ రూలు ఒకటుంది. వెనక కూర్చునేవాళ్లకి చేతిపట్టు, ఫుట్‌రెస్టులు ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. కంపెనీ బిగించి పంపిన ఆ సారీ గార్డ్‌ని లుక్ పాడవుతుందని మనవాళ్లు విప్పించేస్తారు. విప్పిన గార్డ్ ఇంట్లో అటక మీద ఉంటుంది, దుపట్టా రోడ్డు మీద చక్రం పక్కన ఎగురుతుంటుంది. నాలుగేళ్ల కింద మా చెల్లెలి బురఖా కొస అట్లాగే చిక్కుకుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి నెమ్మదిగా ఉంది కాబట్టి మోచెయ్యి విరగడంతో పోయింది. ఆ రోజు మా బహనోయి ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. అతను చెడ్డవాడు కాదు. ఆ అడ్డు ఎందుకుందో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

నాకు గుచ్చుకునేది ఇదే. బండికి పైసలు ఇచ్చేది పిల్ల తండ్రి. గోడలకి రంగులేసి కూడబెట్టినవి, చాలక ఫైనాన్స్‌లో తెచ్చినవి. ఆ బండి మీద ఆ పిల్లే కూర్చోలేదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడమే కాదు, అడగడం కూడా జుర్మే. 'రఖం వద్దు, బండి చాలు' అన్నా అది అడగడమే. దీన్ ఏం చెబుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు, బయాన్లలో వింటూనే ఉన్నాం.

మంగళవారం ఆ భాయ్ ఇంటికి పోయాను. రెండిట్లో ఏదీ వద్దన్నాను. కొనక తప్పదనుకుంటే ముందు బిడ్డని షోరూముకి తీసుకుపోయి, బురఖాతోనే వెనక కూర్చోబెట్టి చూడమన్నాను. ఆయన కంగారుపడ్డాడు. "లడ్కేవాలే క్యా సోచేంగే భాయ్?" అన్నాడు. లోపల తెర వెనక గాజుల చప్పుడైంది. ఎవరో వింటున్నారు.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. "బిడ్డనే అడిగిన భాయ్. స్కూటీ అయితే నేను గూడ నడుపుకుంట, నా పేరు మీదనే కొనుండ్రి అబ్బా అన్నది. ట్యూషన్లు చెప్పనీకి పోతదంట." కాసేపు ఆగి, ఈ మాట వాళ్లకి చెప్పే హిమ్మత్ తనకి లేదన్నాడు. ఐతారం నాడు వాళ్లింటికి పోవాలి, నన్నూ తోడు రమ్మన్నాడు. వస్తానన్నాను.