బర్త్‌డే ట్రిప్ సరే... మీ ఆఫర్ లెటర్‌లో సెలవులెన్ని?

ఇలాంటి రీల్ మీ ఫోన్‌లోనూ వచ్చే ఉంటుంది. జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న ఓ తెలుగు జంట. భార్య పుట్టినరోజు. శుక్రవారం ఇద్దరూ సెలవు పెట్టి బెర్లిన్‌లో రైలెక్కారు, మధ్యాహ్నానికి ప్రాగ్‌లో దిగారు. తెల్లవారుజామున జనం లేని చార్ల్స్ బ్రిడ్జ్ మీద ఫొటో, ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో పెద్ద గడియారం ముందు కేక్, ఆదివారం రాత్రికి మళ్లీ ఇల్లు. ముప్పై సెకన్లలో మొత్తం అయిపోయింది. మీరేమో ఆప్టిట్యూడ్ మాక్ టెస్ట్ మధ్యలో అది చూసి, 'మనకెప్పుడో ఈ లైఫ్' అనుకుని ఫోన్ పక్కన పడేస్తారు.

పడేయకండి. దాన్ని ఇంకోసారి చూడండి. రేపు మీరు సంతకం పెట్టబోయే ఆఫర్ లెటర్‌కి ఆ రీల్‌తో సంబంధం ఉంది.

ముందు ఆ ట్రిప్ సంగతి. ప్రాగ్ చెక్ రిపబ్లిక్ రాజధాని. వల్టావా నది మీద ఆ వంతెన పని నాలుగో చార్లెస్ హయాంలో 1357లో మొదలైంది. పొడవు అర కిలోమీటరు పైనే, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. గడియారం 1410 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. కోట, వంతెన, పాత పట్టణం అన్నీ నడిచి చూసేంత దగ్గర. బెర్లిన్ నుంచి నేరుగా రైలుంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబర్ నుంచి షెంజెన్ ప్రాంతంలో ఉంది కాబట్టి జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, ఆ కార్డు వెంట ఉంటే చాలు. అక్కడ యూరో కాకుండా కొరునా నడుస్తుందన్నది గుర్తుంటే సరి. విజయవాడ వాళ్లకు హైదరాబాద్ ఎలాగో, బెర్లిన్ వాళ్లకు ప్రాగ్ ఇంచుమించు అలాగ.

అదే ట్రిప్ మనం హైదరాబాద్ నుంచి వెళ్లాలంటే లెక్క మారిపోతుంది. వీసా ఫీజు ఒక్కొక్కరికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ప్రయాణానికి 15 రోజుల ముందే దరఖాస్తు. ఇంత చేసి రెండు రోజులుండి వచ్చేవాళ్లు అరుదు. కాబట్టి ఆ రీల్ చూసి మీ జీవితాన్ని కొలుచుకోకండి. పైగా వాళ్ల చేతికి ఆ కార్డు ఊరికే రాలేదు. జర్మనీకి చదువుకోవడానికి వెళ్లేవాళ్లు ఏడాది ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాలన్నది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క. మన ఇళ్లలో చాలామందికి అది లోనే. తర్వాత భాష నేర్చుకోవడం, పార్ట్‌టైమ్ పని, ఉద్యోగ వేట. ఇవేవీ రీల్‌లోకి రావు.

అయినా నేను చెప్పదలుచుకున్నది డబ్బు గురించి కాదు. ఆ రీల్‌లో వంతెన కన్నా, కేక్ కన్నా విలువైనది ఒకటుంది. అది శుక్రవారం. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికింది. మేనేజర్ ఫోన్ రాలేదు. ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని వెళ్లాల్సిన పని పడలేదు.

దాని వెనక చట్టం ఉంది. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పని వేళల నిబంధనల ప్రకారం ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి సగటున 48 గంటలు మించకూడదు. రోజుకు వరుసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఏడాదికి కనీసం 4 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ సెలవుకు బదులు డబ్బిచ్చి సరిపెట్టడానికి వీల్లేదు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి ఏడాదిలో 15 రోజులు జీతంతో సెలవు రావాలి. కాకపోతే సెలవు కాగితం మీద ఉండటం వేరు, అడగ్గానే దొరకడం వేరు. ఈ తేడా చేరాక తెలిస్తే లాభం లేదు, చేరే ముందే తెలుసుకోవాలి.

ప్రాగ్‌లోనే పుట్టి పెరిగిన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా కథ ఇక్కడ చెప్పాలి. లా చదివి 1907లో ఓ ఇటలీ బీమా కంపెనీలో చేరాడు. పొద్దున 8 నుంచి సాయంత్రం 6 దాకా పని. రాసుకోవడానికి టైమ్ మిగల్లేదు. ఏడాది తిరక్కుండానే మానేసి, 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థకు మారాడు. అక్కడ మధ్యాహ్నం 2 గంటలకే డ్యూటీ అయిపోయేది. 1922లో అనారోగ్యంతో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. 'మెటమార్ఫసిస్' ఆ ఉద్యోగం చేస్తూ రాసిందే. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు ఆయన చూసుకున్నది పని వేళలు.

'ముందు ఉద్యోగం రానివ్వన్నా, సెలవుల సంగతి తర్వాత' అంటారు మీరు. న్యాయమే. ఒకే ఆఫర్ ఉంటే చేరండి, నేనూ అదే చెబుతాను. కానీ రెండు ఆఫర్లు చేతిలో ఉంటే ఓ చిన్న లెక్క వేయండి. ఒకటి ఏడాదికి 4.5 లక్షలు, వారానికి 60 గంటల పని. ఇంకోటి 4 లక్షలు, 45 గంటలు. గంటకు లెక్కేస్తే మొదటిది సుమారు 144 రూపాయలు, రెండోది 171. పెద్ద ప్యాకేజీ అనుకున్నదే గంటకు తక్కువిస్తోంది! ఆ మిగిలిన 15 గంటల్లో కోర్సు చేసుకుంటారా, ప్రాజెక్ట్ కట్టుకుంటారా, నిద్రపోతారా అన్నది మీ ఇష్టం.

ఈ ప్రశ్నలు మొదటి రౌండ్ ఇంటర్వ్యూలో అడగొద్దు. ఆఫర్ చేతికొచ్చాక హెచ్‌ఆర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టండి: 'సర్, ఆఫర్‌కి థ్యాంక్స్. లీవ్ పాలసీ కాపీ ఒకటి పంపగలరా?' ఇంతే. అందులో ఇవి వెతకండి. ప్రొబేషన్‌లో సెలవులు వాడుకోనిస్తారా? వాడుకోనివి తర్వాతి ఏడాదికి వస్తాయా, ల్యాప్స్ అవుతాయా? శని, ఆదివారాల్లో సపోర్ట్ డ్యూటీ చేస్తే బదులు సెలవు ఇస్తారా? నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, అందులో సెలవు పెడితే గడువు పెంచుతారా? బాండ్ ఉందా?

పాలసీ కాగితం చెప్పనిది సీనియర్లు చెబుతారు. వాళ్లను 'కంపెనీ ఎలా ఉందన్నా' అని అడిగితే 'పర్లేదు' అనే అంటారు. ఇలా అడగండి: 'చివరిసారి వరుసగా మూడు రోజులు సెలవు ఎప్పుడు పెట్టారన్నా? ఆ మూడు రోజుల్లో ఆఫీస్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయి?' జవాబు వచ్చేలోపు వాళ్ల ముఖంలోనే సగం తెలిసిపోతుంది.

ఉద్యోగంలో చేరిన ఏడాదే మీరు ప్రాగ్ వెళ్లలేకపోవచ్చు. కానీ అమ్మ పుట్టినరోజుకి ఓ శుక్రవారం సెలవు పెట్టి, ఫోన్ పక్కన పెట్టి, ఊళ్లో రెండు రోజులుండి రావడం కుదరాలి. కాబట్టి ఆఫర్ మెయిల్ వచ్చిన రోజు ప్యాకేజీ అంకె దగ్గరే ఆగిపోకండి. సెలవుల పేజీ దాకా వెళ్లండి. అది చదివాకే సంతకం.