ఒక్కదానివే పోతావా?

"ధైర్యం ఉంటే ఆడవాళ్లు ఏదైనా చేస్తారు" అనే పొగడ్త వినీ వినీ విసుగొచ్చింది. అవకాశాలన్నీ గుమ్మం ముందు కాచుకుని కూచున్నట్టూ, లోపమంతా మన ధైర్యంలోనే ఉన్నట్టూ! తెరచాప పడవను ఒంటరిగా నడపడం గురించి ఆలోచిస్తే ఈ మాట ఎంత బోలుదో తెలుస్తుంది.

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కే అమ్మాయిని "ఒక్కదానివే పోతావా?" అని అడుగుతారు. ఆమె తమ్ముణ్ణి ఎవరూ అడగరు. సముద్రం లేని సీమలో పడవల గొడవెందుకని నవ్వేవాళ్లూ ఉంటారు. కర్నూలు-కడప కాలువను పందొమ్మిదో శతాబ్దంలో సాగుతో పాటు పడవల రాకపోకల కోసమూ తవ్వారు. వెలుగోడు, అవుకు జలాశయాలు దగ్గరలోనే ఉన్నాయి. కొరత నీళ్లకు కాదు. ఆ నీళ్ల మీద ఆడపిల్ల ఒంటరిగా గడిపే గంటలకు.

చిన్న తెరచాప పడవలో ఒక చేత చుక్కాని, మరో చేత తెరచాప తాడు పట్టుకోవాలి. గాలి హెచ్చి పడవ ఒరిగితే తాడు వదలాలి. చాప గాలిని విడిచి రెపరెపలాడుతుంది, పడవ నెమ్మదిస్తుంది. బోల్తా పడితే అడుగు పలక మీదికెక్కి, ఒంటి బరువంతా వేసి లేపాలి. పదిసార్లు ఇలా లేపిన పిల్లకు ఆత్మవిశ్వాసం మీద ఉపన్యాసాలు అక్కర్లేదు. భయం ఎక్కడికీ పోదు. భయం వేసినప్పుడు ఏం చెయ్యాలో చేతులకు తెలుస్తుంది, అంతే. పక్కన తెలిసినవాళ్లు ఉంటే ఆ క్షణాన చుక్కాని వాళ్లే అందుకుంటారు. అందుకే ఒంటరితనం ఈ చదువులో తప్పనిసరి పాఠం.

ఈ పాఠం ఎవరికి దక్కిందో చూడండి. భారత నౌకాదళం 2009-10లో దిలీప్ దోందేను, 2012-13లో అభిలాష్ టోమీని ఒంటరిగా ప్రపంచం చుట్టి రమ్మంది. 2017-18లో 'తారిణి' మీద స్త్రీలను ఆరుగురిగా పంపింది. వారిలో పాతర్లపల్లి స్వాతి విశాఖ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. 2024-25లో అదే పడవ మీద దిల్నా, రూప ఇద్దరే వెళ్లొచ్చారు. వాళ్ల సాహసాన్ని తక్కువ చెయ్యడం లేదు. మగవాడికి మొదటి మెట్టుగా ఇచ్చిన ఒంటరి ప్రయాణం స్త్రీకి ఎందుకంత దూరంలో ఉందని అడుగుతున్నాను.

భద్రత అంటారు. 2018లో గోల్డెన్ గ్లోబ్ ఒంటరి పోటీలో టోమీ తుపానులో చిక్కి, వెన్నెముక దెబ్బతిని, ఇతరుల సాయంతో బయటపడ్డాడు. ఇక మగవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదని ఎవరూ అనలేదు. 2022లో మళ్లీ వెళ్లాడు, రెండోవాడిగా వచ్చాడు. సంతోషమే. ఆ పోటీలో మొదట గమ్యం చేరింది కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ అనే దక్షిణాఫ్రికా స్త్రీ. మగవాడి ప్రమాదం అనుభవం అవుతుంది. ఆడదాని ప్రమాదం మిగతా ఆడవాళ్లందరికీ నిషేధాజ్ఞ అవుతుంది.

మన కవిత్వంలో పడవలకు కొదవ లేదు. స్వేచ్ఛ అనగానే ఒక తెరచాప ఎత్తేస్తాం. ఆ ప్రతీకలు కాసేపు పక్కన పెడదాం. అవుకులోనో వెలుగోడులోనో ఆడపిల్లలకు ఈత, లైఫ్ జాకెట్లు, నాలుగు చిన్న పడవలు, నేర్పే మనిషి, దూరంగా ఒక రక్షణ పడవ కావాలని అడుగుదాం. పిల్ల బోల్తా పడినప్పుడు గట్టు మీదున్న మనం "ఇక చాలు, వచ్చేయ్" అని కేకలు పెట్టకుండా ఉందాం.