‘మీ ఇష్టం’ అంటే సరిపోతుందా?

ఆ మధ్య ఓ ఆదివారం తెల్లవారకుండానే ఫోను మోగింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలు. “అక్కా, మీ మరిదిగారు విమానం కొంటారట! నువ్వైనా చెప్పవే” అని ఒకటే ఏడుపు.

నిద్రమత్తులో “విమానం టిక్కెట్టా?” అన్నాను. “టిక్కెట్టు కాదక్కా, విమానమే. అదీ సెకండ్ హ్యాండ్‌ది!”

అమ్మ వెంటనే ఆంజనేయస్వామికి మొక్కుకుంది. మావారు మాత్రం “మనం పాత స్కూటరు కొనడానికే పదిమందిని అడిగాం కదోయ్” అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, మా మరిది రెండేళ్లు కష్టపడి పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నాలుగు సీట్లు, ముక్కు మీద ఒకే ఇంజను ఉన్న సెస్నా 172 బేరానికొచ్చింది. 1974లో తయారైంది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది!

“మరి నువ్వేమన్నావే?” అని అడిగాను.

“ఏమంటాను? మీ ఇష్టం అన్నాను. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.”

ఆ డబ్బు ఇద్దరూ ఉద్యోగాలు చేసి, కూతురి కాలేజీ కోసం దాచింది. వెనక సీట్లో కూర్చోబోయేది ఆ కూతురే. అయినా మా చెల్లెలి నోట వచ్చింది ‘మీ ఇష్టం’ అన్న మాటే. మనలో ఎంతమందిమి ఇలా అనలేదు చెప్పండి? స్థలం కొన్నా, చిట్టీ కట్టినా, అప్పుకు హామీ సంతకం పెట్టినా మనకు తెలిసినవి రెండే దారులు. ఒకటి ఏడుపు, రెండోది ‘మీ ఇష్టం’. రెండింటిలోనూ నిర్ణయం అవతలివాళ్లదే. నష్టం మాత్రం ఇద్దరిదీ.

వద్దని చెబుదామనే మొదట అనుకున్నాను. తెలియని విషయానికి వద్దనడం కూడా తెలివితక్కువే కదా అనిపించి, నాలుగు రోజులు కూర్చుని చదివాను. ఈ సెస్నా 172లు 1956 నుంచి 44 వేలకు పైగా తయారయ్యాయట. ప్రపంచంలో ఇంత ఎక్కువగా తయారైన విమానం మరొకటి లేదు. పాతదైనంత మాత్రాన పనికిరానిదని కాదు. ఏడాదికోసారి తనిఖీ తప్పనిసరి. ఏ మరమ్మతు ఎప్పుడు, ఎవరు చేశారో లాగ్‌బుక్కుల్లో రాసి సంతకం చేయాలి. మనుషులకైనా ఇంత శుభ్రమైన జాతకం ఉండదు!

అందుకే చెల్లెలికి చెప్పాను: “ఏడవకు. ఆ పుస్తకాలు నువ్వూ తెప్పించుకుని చదువు. నీకు తోచింది అడుగు.”

ఏమడగాలి? ఇంజను ఇప్పటికి ఎన్ని గంటలు తిరిగింది? ఈ రకం ఇంజనును సుమారు 2000 గంటలకు పూర్తిగా విప్పి బాగుచేయాలని తయారీదారు సూచన. ఆ గడువు దగ్గరపడితే, కొన్న ధర మీద వేల డాలర్లు అదనం. విమానం మీద అప్పేమైనా ఉందా? మనం స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే, అక్కడ ఓక్లహోమా సిటీలోని విమానాల రిజిస్ట్రీలో వెతికిస్తారు. షెడ్డు అద్దె, బీమా, ఏటా తనిఖీ ఖర్చు ఎంత? నాలుగు సీట్లున్నా, ట్యాంకులు నింపాక నలుగురు పెద్దవాళ్లను, వాళ్ల పెట్టెలను మోయగలదా? చాలాసార్లు మోయలేదు. అన్నిటికంటే ముఖ్యం, మరిదికున్న జీవిత బీమా సొంతంగా విమానం నడిపేవాళ్లకు వర్తిస్తుందా? కొన్ని పాలసీలు వర్తించవు. ఈ ప్రశ్న భార్య అడక్కపోతే ఇంకెవరడుగుతారు?

చెల్లెలు అడిగింది. అమ్మేవాళ్ల మెకానిక్కు కాకుండా వేరే మెకానిక్కు చేత చూపిద్దామని పట్టుబట్టింది. “గంటలు చాలా తక్కువ తిరిగింది” అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్పారు. నిజమే, కానీ గత ఎనిమిదేళ్లలో అది ఎగిరిందే అరుదని లాగ్‌బుక్కులో చెల్లెలే కనిపెట్టింది. వాడకుండా మూలపడేసిన కుట్టుమిషనులాగే, ఎగరని ఇంజనుకు కూడా లోపల తుప్పు పడుతుంది. మెకానిక్కు ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే లోహపు రజను కనబడింది. బేరం అక్కడితో ఆగింది. “నువ్వు చూడకపోతే కొనేసేవాణ్ణి” అన్నాడట మరిది.

విమానాలు మనకెందుకు అనుకునేవాళ్లకు ఒక మాట. ఒంటరిగా విమానంలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి మహిళ జెర్రీ మాక్, ఒహాయోకు చెందిన గృహిణి, ముగ్గురు పిల్లల తల్లి. 1964లో ఆ యాత్రకు బయల్దేరేనాటికి ఆమెకు 38 ఏళ్లు. ఆమె నడిపింది ఒకే ఇంజనున్న సెస్నా 180. 1953లో తయారైంది, అంటే అప్పటికే పదకొండేళ్ల పాతది. 29 రోజుల్లో తిరిగొచ్చింది. ఇంట్లో విసుగ్గా ఉందంటే, విమానంలో ప్రపంచం చుట్టి రాకూడదూ అని భర్త వేళాకోళమాడాడట. ఆమె దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు.

భర్త సరదాలన్నింటికీ అడ్డుపడమని నేను చెప్పడం లేదు. మగవాడికైనా ఆడదానికైనా ఒక కల ఉండటం మంచిదే. కానీ ఇంటి డబ్బుతో, ఇంటి మనుషుల ప్రాణాలతో ముడిపడిన కలకు ఇద్దరి కళ్లూ కావాలి. కాగితాలు చదవడం అనుమానించడం కాదు. అదీ ప్రేమే.

మా చెల్లెలు వాళ్లు ఇప్పుడు మరో విమానం చూస్తున్నారు. అమ్మ మళ్లీ మొక్కుకుంది. పైలట్ పక్కన కూర్చునేవాళ్లకు, అవసరం పడితే విమానాన్ని కిందికి దించడం నేర్పే చిన్న కోర్సులు అక్కడ ఉన్నాయి. చెల్లెలు దాంట్లో చేరిందట.

ఈసారి ఫోనులో ఏడుపు లేదు. “అక్కా, ఈ విమానం లాగ్‌బుక్కుల్లో రెండేళ్లు ఖాళీగా ఉన్నాయే. అదేమిటో తేలేదాకా నేను సంతకం పెట్టను” అంది.