పొట్టి పిల్లకి బాస్కెట్‌బాల్ ఎందుకండీ?

ఈ ప్రశ్న నన్ను ఇప్పటికి కనీసం పదిమంది అడిగి ఉంటారు. మొన్నామధ్య ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం భోజనాల దగ్గర ఒకావిడ అడిగిన తీరు మాత్రం గుర్తుండిపోయింది. "అన్నయ్యగారూ, మీరు అయిదున్నర లేరు, వదినగారు అయిదూ ఒకటి. పిల్ల ఎక్కణ్ణించి పొడుగవుతుంది చెప్పండి? ఆ డబ్బేదో కూచిపూడికి పెట్టరాదూ?" అంది, నా ప్లేట్లో పులిహోర వడ్డిస్తూ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మర్యాద కోసం నేనూ నవ్వాను. పన్నెండేళ్ళ మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

అంతకు ముందు వారమే, ఇక్కడ డాలస్ దగ్గర ఒక క్లబ్బు వాళ్ళు ట్రయౌట్స్‌లో తనని వద్దన్నారు. కోచ్ మర్యాదస్తుడే. పిల్ల చురుకైంది, బంతి మీద పట్టుంది, కానీ ఎత్తు చాలదన్నాడు. నాలుగడుగుల పది అంగుళాల పిల్ల ఎడంచేత్తో బంతి కొట్టుకుంటూ ఇద్దర్ని దాటి వెళ్ళడం ఆయన చూశాడో లేదో నాకు తెలీదు. ఆయన చేతిలో కాగితం మీద పేరు పక్కన మొదటి గడి ఎత్తుది.

సరే, ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఈ ఆటలో ఎత్తు ముఖ్యమే. "కష్టపడితే చాలు, ఎత్తుదేముంది" అని పిల్లలకి చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నారు. రింగు నేల నుంచి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా. డబ్ల్యూఎన్‌బీఏలో ఆడే అమ్మాయిల సగటు ఎత్తు దాదాపు ఆరడుగులు. 2013లో అందరికంటే ముందు ఎంపికైన బ్రిట్నీ గ్రైనర్ ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. ఆవిడ చెయ్యెత్తి నిలబడితే మా అమ్మాయి ఎంత సాధన చేసినా ఆ చేతుల మీదుగా బంతి వెయ్యడం కష్టమే.

లెక్క కూడా నేనే వేశాను, సాఫ్ట్‌వేర్ బుద్ధి ఊరుకోదు కదా. పిల్లల డాక్టర్లు వాడే సూత్రం ఒకటుంది. అమ్మానాన్నల ఎత్తులు సెంటీమీటర్లలో కలిపి, ఆడపిల్లయితే 13 తీసేసి, సగం చెయ్యాలి. మాకు 153న్నర వచ్చింది, అంటే అయిదడుగుల మీద అర అంగుళం. అటో ఇటో మూడంగుళాలు. అంటే ఎంత ఆశపడ్డా అయిదడుగుల మూడున్నర. ఆ కోచ్ చూపు తప్పు కాదు, ఆవిడ పులిహోర జోస్యమూ తప్పు కాదు.

తప్పు ఎక్కడంటే, ఈ లెక్క చూసి ఎవరికి ఆట నేర్పాలో, ఎవరికి నేర్పక్కర్లేదో పన్నెండేళ్ళకే తేల్చెయ్యడంలో ఉంది.

ఎత్తు తేల్చేది ముఖ్యంగా మీరు కోర్టులో ఎక్కడ నిలబడాలన్నది. రింగు కింద నిలబడేవాళ్ళకి అది ప్రాణం. బంతి తెచ్చి పంచిపెట్టే పాయింట్ గార్డ్‌కి కాళ్ళూ, కళ్ళూ, బుర్రా ప్రాణం. టెమీకా జాన్సన్ అయిదడుగుల మూడంగుళాలు. 2005లో డబ్ల్యూఎన్‌బీఏలో ఆ ఏటి మేటి కొత్త క్రీడాకారిణి బహుమతి ఆవిడకే ఇచ్చారు. డెబ్బీ బ్లాక్‌దీ ఇంచుమించు అంతే ఎత్తు, 2001లో మొత్తం లీగుకే ఉత్తమ డిఫెండర్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో, ఫ్రాన్స్ మీద 162 సెంటీమీటర్ల రుయి మచిదా ఒక్క మ్యాచ్‌లో 18 అసిస్టులు ఇచ్చి ఒలింపిక్ రికార్డు పెట్టింది. పొట్టి జట్టని పేరున్న జపాన్ వెండి పతకం పట్టుకెళ్ళింది. ఫైనల్లో అమెరికా చేతిలో 90-75తో ఓడిందనుకోండి.

ఇవి మినహాయింపులు అంటారు. అవును, మినహాయింపులే. మరి ఎత్తున్నవాళ్ళ సంగతి? ఏడడుగుల రెండంగుళాల సత్నాం సింగ్‌ని 2015లో మా డాలస్ జట్టే ఎంచుకుంది, మనవాళ్ళంతా గర్వపడ్డాం. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. ఎత్తు తలుపు దగ్గరికి తీసుకెళుతుంది, లోపలికి వెళ్ళాలంటే ఆట కావాలి.

ఇంకో సంగతి. ఈ వ్యవహారంలో నష్టపోయేది పొట్టి పిల్లలే అనుకుంటే పొరపాటు. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయి ఒకతి పదకొండేళ్ళకే అయిదడుగుల ఏడంగుళాలు. కోచ్‌లు ఎగబడి తీసుకుని రింగు కింద నిలబెట్టారు. "నువ్వు బంతి కొట్టద్దు, అందుకుని వెయ్యి, చాలు" అన్నారు. ఆడపిల్లల్లో ఎదుగుదల పరుగు సాధారణంగా పదకొండు, పన్నెండేళ్ళ దగ్గర ఉంటుంది, రజస్వల అయ్యాక రెండేళ్ళలో దాదాపు ఆగిపోతుంది. ఆ అమ్మాయికిప్పుడు పదిహేను. ఎత్తు అదే అయిదూ ఏడు. హైస్కూల్లో రింగు కింద ఆరడుగుల వాళ్ళున్నారు, బయట ఆడదామంటే బంతి కొట్టడం ఎవరూ నేర్పలేదు. ఈ ఏడు మానేసింది. ముందే ఎదిగిన పిల్లకి ఆట నేర్పలేదు, ఎదగని పిల్లని రానివ్వలేదు. ఇద్దరికీ అన్యాయం చేసింది ఒకే టేపు.

ఇక మనవాళ్ళ దగ్గరికొద్దాం. నిజానికి నా గొడవంతా మనవాళ్ళతోనే.

ఇండియాలో ఏటా పది లక్షల మందికి పైగా పిల్లలు జేఈఈ రాస్తారు. ఐఐటీల్లో సీట్లు పద్దెనిమిది వేల చిల్లర. మనలో ఒక్కరైనా ఏ పిల్లాడినైనా పట్టుకుని "మీ నాన్నకే రాలేదు, నీకెలా వస్తుందిరా?" అని భోజనాల మధ్య అడుగుతామా? అడగం. "రాకపోతే మానె, చదువు ఎక్కడికి పోతుంది" అంటాం. మరి ఆట ఎక్కడికి పోతుందిట? ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే లేచి మళ్ళీ ప్రాక్టీసుకి వెళ్ళడం, తను వేస్తే మెప్పొచ్చే బంతిని ఇంకొకళ్ళకి అందించడం... ఇవి నేను నలభై దాటాక ప్రాజెక్టుల్లో కిందా మీదా పడి నేర్చుకున్నాను. తను పన్నెండేళ్ళకే నేర్చుకుంటోంది.

"కాలేజీ అడ్మిషన్‌కి పనికొస్తుందా?" అన్నది రెండో ప్రశ్న. రాదేమో. అయితే? కూచిపూడి నేర్చుకునే పిల్లలందరూ వేదిక ఎక్కి బతుకుతున్నారా?

అన్నిటికంటే తమాషా ఏమిటంటే, ఆ పొడుగు పిల్ల తల్లితో ఇదే ఆవిడ "మరీ అంత పొడుగైతే సంబంధాలు కుదరవు వదినా, ఆటలు మానిపించు" అన్నదట! బాస్కెట్‌బాల్‌కి పొట్టి, పెళ్ళికి పొడుగు. మన ఆడపిల్లలు సరిపోయే ఎత్తేదో ఎవరైనా చెబితే రాసుకుంటాను.

ఇంకో మిత్రుడు గ్రోత్ హార్మోన్ సూదుల మాట ఎత్తాడు. ఏ జబ్బూ కనపడకపోయినా మరీ పొట్టిగా ఉండిపోతున్న పిల్లలకి వాడొచ్చని 2003లో ఇక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, నిజమే. అది డాక్టరు తేల్చవలసిన సంగతి. ఆట కోసం ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఏళ్ళ తరబడి సూదులు పొడిపించేటంత ప్రేమ నాకు లేదు.

కోచ్‌లని నేను కోరేది చిన్నదే. పధ్నాలుగేళ్ళు వచ్చేదాకా అందరికీ అన్ని స్థానాలూ ఆడటం నేర్పండి. ఎత్తు గడి కాగితంలో చివరికి జరపండి. మనవాళ్ళని కోరేది ఇంకా చిన్నది. పిల్లలు వింటుండగా వాళ్ళ ఒళ్ళు కొలవకండి.

ఆ రోజు కారులో మా అమ్మాయి అడిగింది, "నాన్నా, నేను నిజంగా పొడుగవనా?" అని. "అవవు, మహా అయితే అయిదూ మూడున్నర" అన్నాను. కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే ఎడమ చెయ్యి ఇంకా బాగుపడాలి" అంది. వచ్చే నెల ఇంకో క్లబ్బులో ట్రయౌట్స్ ఉన్నాయి. తీసుకోకపోతే సిటీ లీగులో ఆడుతుంది. శనివారాలు నా గురువారం రాత్రి ఫ్లైటు అలసట తీరకుండానే తెల్లారి ఆరింటికి బండి తీస్తున్నాను, తీస్తూనే ఉంటాను.

తిట్టదలుచుకున్నవాళ్ళు నన్ను తిట్టండి. పిల్లని మాత్రం వదిలెయ్యండి.