చెరువులో రౌండ్లు వద్దు, ఈసీ వెంట నడుద్దాం

చారిటీ కోసం చేసే ప్రయాణాలంటే నాకు ఇష్టమే. ఇద్దరు ఫ్రెండ్స్ ఒక కయాక్ వేసుకుని, కాలువ పొడవునా రోజుల తరబడి తెడ్డు వేస్తారు. కిలోమీటరుకి ఇంత అని తెలిసినవాళ్లు డబ్బులిస్తారు. ఇంగ్లాండ్‌లో ఇది మామూలు విషయం. అక్కడ లివర్‌పూల్ నుంచి లీడ్స్ దాకా 204 కిలోమీటర్ల కాలువ ఉంది. 1816లో పూర్తయింది. ఒకప్పుడు బొగ్గు పడవలు తిరిగిన నీళ్లలో ఇప్పుడు కయాక్‌లు తిరుగుతున్నాయి. 2012 నుంచి ఆ కాలువని చూసుకుంటున్నది కూడా ఒక చారిటీ సంస్థే.

అలాంటి వీడియో ఒకటి చూసి మా ఫ్రెండ్ "మామా, మనం హిమాయత్ సాగర్‌లో చేద్దాం" అన్నాడు. ప్లాన్ సింపుల్. కయాక్ రెంట్‌కి తేవాలి, ఇన్ని రౌండ్లు అని అనౌన్స్ చెయ్యాలి, క్యూఆర్ కోడ్ పెట్టాలి, వచ్చిన డబ్బు పిల్లల ఆసుపత్రికి ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కానీ నేను వద్దన్నాను. ప్రతి ఫెస్ట్ ముందు ఇలాంటి ఐడియా ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది కాబట్టి, ఎందుకు వద్దన్నానో మీ అందరికీ చెప్పాలనిపించింది.

మొదటిది, అది బోటింగ్ కోసం కట్టింది కాదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు వచ్చాయి. మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, అంటే మన గండిపేట. ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్. వరద ఆపడం, నగరానికి తాగునీళ్లివ్వడం వాటి పని. 1996లో 111 జీవో ఈ రెండింటి చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో కట్టడాలకి అడ్డం నిలబడింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఒక పక్క ఔటర్ రింగ్ రోడ్డు, ఇంకో పక్క శంషాబాద్ వైపు పెరుగుతున్న వెంచర్లు. కాపలా తగ్గిన చెరువు దగ్గరికి మనం కొత్తగా జనాన్ని తీసుకెళ్లాలా?

"కయాక్‌కి ఇంజన్ లేదు, పొగ లేదు, ఏం పాడవుతుందిరా?" అని వాడి వాదన. నిజమే, ఒక్క కయాక్‌తో ఏమీ కాదు. కానీ ఈవెంట్ అంటే కయాక్ ఒక్కటే రాదు. స్పీకర్లు, బిర్యానీ ప్యాకెట్లు, వాటర్ బాటిళ్లు, రెండొందల మంది వస్తారు. మనది హిట్టయితే వచ్చే ఏడాది ఇంకో నాలుగు కాలేజీలు దిగుతాయి.

రెండోదే నాకు అసలు పాయింట్. ప్రయాణం అంటే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లాలి. ఉన్నచోటే తిరిగితే అది జిమ్‌లో ట్రెడ్‌మిల్. మరి ఇక్కడ నిజంగా నీటి దారి లేదా అంటే, ఉంది. హిమాయత్ సాగర్ గేట్ల కింద నుంచి ఈసీ కదిలి, లంగర్‌హౌస్ దగ్గర మూసీలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరే బాపూఘాట్. 1948లో గాంధీ అస్థికలు కలిపిన చోటు అది.

ఆ దారిలో కయాక్ వెయ్యగలమా? ఈసీకి రెండే కాలాలు. నీళ్లు లేని కాలం, నీళ్లలో దిగకూడని కాలం. గేట్లు మూసి ఉంటే కింద మిగిలేది ఎక్కువగా మురుగే. 2020 అక్టోబర్ వానలప్పటిలా గేట్లు ఎత్తితే, ఆ వరదలో తెడ్డు పట్టుకోవడం ప్రాణాలతో ఆట. ఇంగ్లాండ్ కుర్రాళ్లకి కాలువ ఉంది కాబట్టి కయాక్ వేశారు. మనకి లేనిది కయాక్ కాదు, కయాక్ నిలిచే నది.

అందుకే నేనన్నది, నడుద్దాం. డ్యామ్ దగ్గర మొదలుపెట్టి బాపూఘాట్ దాకా, ఎండాకాలంలో, ఒడ్డు వెంట, రోడ్డున్న చోట రోడ్డు మీద. మురుగు కాలువ కలిసే ప్రతి చోటా ఒక ఫొటో, ఒక లొకేషన్. చెత్త పోసిన చోటా అంతే. అన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పాయింట్లుగా పెట్టి, ఎవరైనా చూసేలా ఒక చిన్న వెబ్‌పేజీ చేద్దాం. సీఎస్ఈ వాళ్లకి అది ఒక వీకెండ్ పని.

"నడిస్తే ఎవడిస్తాడు మామా డబ్బులు? కయాక్ అయితే రీల్ బాగుంటుంది" అన్నాడు వాడు. రీల్ బాగుంటుంది, కాదనను. కానీ మన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేది మన అత్తలు, బాబాయిలు, సీనియర్లే. వాళ్లు పడవని చూసి ఇవ్వరు, మనల్ని చూసి ఇస్తారు. ఒట్టి డబ్బే కావాలంటే వాట్సాప్‌లో లింక్ పంపితే సరిపోతుంది, తెడ్డు కూడా అక్కర్లేదు. ఒళ్లు అలిసేలా ప్రయాణం చేస్తున్నామంటే, ఆ దారి ఇచ్చేవాళ్లకి ఏదో ఒకటి చూపించాలి. డబ్బు అదే ఆసుపత్రికి వెళ్లనీ. మురుగు పక్కన పెరిగే పిల్లలకి ఆసుపత్రి అవసరం ఎక్కువే కదా.

వాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మీలో ఎవరైనా ఒప్పుకుంటే చెప్పండి. పాత బూట్లు, టోపీ, పవర్ బ్యాంక్ చాలు.